మందు వల్లనా, జబ్బు వల్లనా? ఇంట్లో కొలిచే పద్ధతి

రిస్పెరిడోన్‌ (మానసిక జబ్బులకు ఇచ్చే మందు) తో పెరిగిన బరువుకు టోపిరమేట్ (ఫిట్స్‌కు వాడే మందు, బరువు తగ్గించడానికీ ఇస్తారు) కలిపాక, మీ 15 ఏళ్ల అమ్మాయి మాటల కోసం తడుముకుంటోందన్నారు. టోపిరమేట్ విషయంలో అనుమానించాల్సిన లక్షణమే అది. మొదలుపెట్టకముందు కొలత లేదు కాబట్టి ఇప్పటి మోతాదు మీదే, వారం తేడాతో రెండుసార్లు కొలవండి.

ఒక నిమిషంలో 'క'తో మొదలయ్యే మాటలు చెప్పించండి. కా, కి, కూ లాంటి గుణింతాలూ లెక్కలోకే. పేర్లు, ఒకే మాటకు బహువచనాలు వద్దు. తర్వాత నిమిషం జంతువుల పేర్లు. ఆపైన మీరు చదివిన అంకెల వరుసను వెనక నుంచి చెప్పించాలి: మూడంకెల వరుసతో మొదలుపెట్టి, ఒక్కో అంకె పెంచుతూ, వరుసగా రెండుసార్లు తప్పేదాకా. ఇంగ్లీషు మాటలు ఒప్పుకుంటారో లేదో ముందే తేల్చుకోండి, మధ్యలో మార్చొద్దు.

చాలామంది పొరబడేది ఇక్కడే: అలవాటు వల్ల రెండోసారి స్కోరు దానంతటదే పెరుగుతుంది. అందుకే అక్షరాన్నీ అంకెలనూ మార్చండి. 'క' బదులు 'ప', జంతువుల బదులు కూరగాయలు. అయితే కూరగాయల పేర్లు ఎటూ తక్కువే, జంతువుల స్కోరునూ కూరగాయల స్కోరునూ నేరుగా పోల్చకూడదు. వేళ ఒకటే ఉండాలి. ముందు రాత్రి నిద్ర, ఆ రోజు మూడ్ పక్కన రాయండి.

డాక్టరు మోతాదు తగ్గిస్తే వారం ఆగి మళ్లీ కొలవండి. రక్తంలో మందు కొత్త స్థాయిలో నిలవడానికి నాలుగైదు రోజులు పడుతుంది. మీరుగా మాత్రం ఆపొద్దు, హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ రావచ్చు.