రేడియాలజీ వస్తుంటే క్యాజువాల్టీ రీసెర్చ్ అంటోంది, ఏం చేయమంటారు?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అమ్మాయి ఎంబీబీఎస్ పూర్తి చేసింది. నీట్ పీజీలో మంచి ర్యాంకే వచ్చింది, రేడియాలజీ సీటుకు అవకాశం ఉంది. తను మాత్రం ఎమర్జెన్సీ మెడిసిన్ తీసుకుంటానంటోంది. ప్రాణాపాయంలో క్యాజువాల్టీకి వచ్చే పేషెంట్ల వైద్యం మీద రీసెర్చ్ చేస్తుందట. ఆడపిల్లకు జీవితాంతం నైట్ డ్యూటీలా? రేపు సంబంధాలు చూడాలి కదా? రీసెర్చే కావాలంటే అమెరికా వెళ్లొచ్చు. ఒక కన్సల్టెన్సీ వాళ్లు పేపర్లు కూడా వాళ్లే రాయించి పెడతామంటున్నారు. ఈ మూడు దారులనూ పోల్చి చెప్పగలరు.

జవాబు: నమస్కారమండీ. కౌన్సెలింగ్ సీజన్ వచ్చిందంటే ఇలాంటి ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి. బ్రాంచి పేరు మారుతుంది, భయం మాత్రం అదే. పోల్చమని అడుగుతున్నారు గానీ, మీ మనసులో ఉన్నది "నా బిడ్డ కష్టాల పాలవుతుందేమో" అన్న బెంగ. ముందు దానికే జవాబు చెబుతాను. కాదండీ. ఎమర్జెన్సీ మెడిసిన్‌ను ప్రత్యేక స్పెషాలిటీగా మన దేశంలో గుర్తించింది 2009లో. సీనియర్లు ఇంకా తక్కువే, పని ఉన్న ఆసుపత్రులు మాత్రం ఎక్కువ. ఆ ఎండీ చేతికొచ్చాక ఉద్యోగం దొరక్క ఇంట్లో కూర్చున్నవాళ్లను నేను చూడలేదు. తర్వాత క్రిటికల్ కేర్ (ఐసీయూ వైద్యం) వైపు వెళ్లే దారీ ఉంది.

నైట్ డ్యూటీలు ఉంటాయి, కాదనను. కానీ అవి షిఫ్టులు. షిఫ్టు అయ్యాక పేషెంట్‌ను అప్పగించి ఇంటికొస్తారు. గైనకాలజీ తీసుకున్న అమ్మాయికి అర్ధరాత్రి ఇంటికి ఫోన్ వస్తుంది, ఈ డాక్టరుకు సాధారణంగా రాదు. గైనిక్ అయితే తల్లిదండ్రులు సంతోషిస్తారు, క్యాజువాల్టీ అనగానే కంగారుపడతారు. ఎందుకో నాకు అర్థం కాదు. భద్రత గురించి భయం మాత్రం న్యాయమైనదే. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్జీ కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మపై జరిగిన అత్యాచారం, హత్య తర్వాత ఏ తండ్రికైనా ఆ భయం ఉంటుంది. అయితే ఆ డాక్టరమ్మ ఛాతీ వైద్య విభాగం పీజీ. బ్రాంచి మారిస్తే భద్రత రాదు. డ్యూటీ రూముకు లోపలి నుంచి గడియ ఉందా, రాత్రి సెక్యూరిటీ ఎక్కడ నిలబడతారు అని కాలేజీలో అడిగి తెలుసుకోవాలి. ఏ బ్రాంచి అయినా అడగాల్సిందే.

ఇక రీసెర్చ్ సంగతి. మీ ఉత్తరంలో దీనికి దక్కింది ఒక్క వాక్యం. అమ్మాయికి మాత్రం అసలు విషయం అదే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

2001లో డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ హాస్పిటల్ నుంచి ఇమాన్యుయేల్ రివర్స్ అనే ఎమర్జెన్సీ డాక్టరు ఒక అధ్యయనం ప్రచురించారు. ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి బీపీ పడిపోయినవాళ్లను ఐసీయూ బెడ్ దొరికేదాకా అలా ఉంచకుండా, క్యాజువాల్టీలోనే మొదటి 6 గంటలు ఒక పద్ధతి ప్రకారం సెలైన్, బీపీ మందులు, అవసరమైతే రక్తం ఇస్తూ చికిత్స చేశారు. 263 మంది పేషెంట్లు. మామూలు చికిత్సలో ఆసుపత్రి మరణాలు 46.5 శాతం, ఈ పద్ధతిలో 30.5 శాతం. ప్రపంచమంతా దాన్నే అనుసరించింది. తర్వాత 2014, 2015ల్లో అమెరికా, ఆస్ట్రేలియా - న్యూజిలాండ్, బ్రిటన్‌లలో మూడు పెద్ద ట్రయల్స్ (పేషెంట్లను గ్రూపులుగా విడదీసి చికిత్సలను పోల్చే పరీక్షలు) చేసి చూస్తే, ఆ పద్ధతికీ మామూలు చికిత్సకూ తేడా కనిపించలేదు. ఈలోగా జబ్బును తొందరగా పట్టుకోవడం, యాంటీబయాటిక్ వెంటనే మొదలుపెట్టడం మామూలు చికిత్సలోనే భాగమైపోవడం దీనికి ఒక కారణమంటారు.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఆఫ్రికాలో తేలింది. ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో తీవ్రమైన జ్వరంతో, షాక్ (రక్త ప్రసరణ పడిపోవడం) లక్షణాలతో వచ్చిన 3,141 మంది పిల్లల మీద చేసిన ట్రయల్ 2011లో వెలువడింది. వేగంగా సెలైన్ ఎక్కించిన పిల్లల్లో 48 గంటల్లో 10.5 శాతం మంది చనిపోయారు. అలా ఎక్కించని పిల్లల్లో 7.3 శాతం. పుస్తకంలో ఉన్న చికిత్సే ప్రాణం తీసింది. జాంబియా రాజధాని లుసాకాలో పెద్దవాళ్ల మీద, ఎక్కువమంది హెచ్ఐవీ ఉన్నవాళ్ల మీద చేసిన పరిశోధన 2017లో వచ్చింది. అక్కడా అంతే. సెలైన్, బీపీ మందుల పద్ధతి పాటించిన గ్రూపులో మరణాలు 48.1 శాతం, మామూలు చికిత్సలో 33 శాతం. వెంటిలేటర్లు నిండుగా ఉన్న ఊళ్లో పనిచేసింది, వెంటిలేటర్ దొరకని ఊళ్లో పనిచేయకపోవచ్చు. మన క్యాజువాల్టీలకు ఏది సరిపోతుందో మనవాళ్లే తేల్చాలి. మీ అమ్మాయి చేస్తానంటున్నది ఈ పని.

మీది పత్తి, మిర్చి పండే జిల్లా. పురుగుల మందు తాగిన మనిషిని ఆటోలో వేసుకొచ్చే దృశ్యం అక్కడి క్యాజువాల్టీ డాక్టర్లకు కొత్త కాదు. నోటి నిండా నురగ, కంటిపాపలు సూదిమొనంత, ఊపిరితిత్తుల్లో గురగుర. విరుగుడుగా అట్రోపిన్ ఇవ్వాలని డాక్టర్లందరికీ తెలుసు. ఎంత ఇవ్వాలి, ఎంత తొందరగా పెంచాలి? చిట్టగాంగ్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో చేసి 2012లో ప్రచురించిన ట్రయల్‌లో పాత పద్ధతిలో 22.5 శాతం మంది చనిపోతే, డోసు వెంటవెంటనే రెట్టింపు చేస్తూ పోయి, ఛాతీ శుభ్రపడ్డాక డ్రిప్పు పెట్టిన పద్ధతిలో 8 శాతం మందే చనిపోయారు. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. పేషెంట్ మంచం దగ్గర నిలబడి, స్టెతస్కోపు పెట్టి గురగుర తగ్గిందా లేదా అని మాటిమాటికీ విన్న డాక్టర్లే ఉన్నారు. అదే విషానికి వాడే ప్రాలిడాక్సిమ్ మీదైతే వాదం ఇంకా నడుస్తోంది. మహారాష్ట్రలోని బారామతిలో 200 మంది మీద చేసిన ట్రయల్ పెద్ద డోసు మేలు చేస్తుందంది, అది 2006లో వచ్చింది. 2009లో వచ్చిన శ్రీలంక ట్రయల్‌లో మేలు కనిపించలేదు. ఈ తగువు తీర్చేంత మంది పేషెంట్లు, దురదృష్టం కొద్దీ, మన జిల్లాల్లోనే ఉన్నారు.

రీసెర్చ్ అంటే కోట్ల రూపాయల ల్యాబ్ అనుకుంటారేమో. దక్షిణ అమెరికాలోని 5 దేశాల్లో, 28 ఆసుపత్రుల్లో చేసి 2019లో వెలువరించిన ఒక ట్రయల్‌లో వాడింది వేలి కొన మీద నొక్కిన చిన్న గాజు పలక. 10 సెకన్లు నొక్కి వదిలితే, తెల్లబడిన చోట రక్తం మళ్లీ రావడానికి 3 సెకన్లు దాటితే ప్రసరణ బాగాలేదన్నమాట. రక్తంలో లాక్టేట్ (ఒంటికి ఆక్సిజన్ సరిగా అందనప్పుడు పెరిగే పదార్థం) పరీక్ష చూసుకుంటూ చేసిన వైద్యం కంటే ఇది చూసుకుంటూ చేసిన వైద్యంలో మరణాలు తక్కువగానే ఉన్నాయి. ఆ తేడా గణాంకపరంగా గట్టిగా తేలలేదన్న మాటా నిజమే. అయినా, లాక్టేట్ మెషిన్ లేని ఏరియా ఆసుపత్రికి ఇది ఎంత విలువైన ప్రశ్నో ఆలోచించండి.

కష్టాలు కూడా చెప్పాలి. ఇక్కడ రీసెర్చ్‌కే జీతమిచ్చే పోస్టులు బహు తక్కువ. డ్యూటీ చేస్తూనే ఇదీ చేయాలి. పేషెంట్ స్పృహలో ఉండడు, అర్ధరాత్రి రెండింటికి ఏడుస్తున్న భార్యకు ట్రయల్ అంటే ఏమిటో వివరించి సంతకం అడగాలి. ఆమె వద్దంటే మర్యాదగా తలూపి వైద్యం కొనసాగించాలి. ఒక చేత్తో ట్యూబు వేస్తున్నప్పుడు టైమ్ రాసే మనిషి ఉండడు, కేస్ షీట్లో సగం గడులు ఖాళీ. పేషెంట్ల మీద పరిశోధన సబబో కాదో చూసే ఎథిక్స్ కమిటీ అనుమతికి నెలలు పడుతుంది. డబ్బుకు దారులు లేకపోలేదు. దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ ఉంది, హైదరాబాద్‌లోనే కార్యాలయం ఉన్న ఇండియా అలయన్స్ డాక్టర్లకు కూడా ఫెలోషిప్‌లు ఇస్తుంది. పోటీ మాత్రం గట్టిగా ఉంటుంది. ఇంత తెలిసి కూడా అమ్మాయి కావాలంటే, అది మొండితనం కాదు.

ఇప్పుడు ఆ కన్సల్టెన్సీ. ఇక్కడ నేను మెత్తగా మాట్లాడలేను. 2022 జనవరి నుంచి అమెరికాలో డాక్టరుగా పనిచేయడానికి రాసే లైసెన్స్ పరీక్షలో మొదటి అంచె అయిన స్టెప్ 1 మార్కులు పోయి పాస్, ఫెయిల్ మాత్రమే మిగిలాయి. అప్పటినుంచి "పేపర్లు ఎన్ని ఉన్నాయి" అన్న పిచ్చి మరింత పెరిగింది. తాను చూడని పేషెంట్ల మీద, తాను రాయని పేపరు మీద పేరు కొనుక్కోవడం మోసం. దాన్ని చదివి ఏ ఊళ్లోనో ఒక డాక్టరు డోసు మార్చవచ్చు. బయటపడితే పేపరు వెనక్కి తీసుకుంటారు, ఆ మచ్చ ఇంటర్నెట్‌లో ఉండిపోతుంది. నిజాయితీగా జవాబు వెతకాలనుకుంటున్న పిల్లకు మీరే దగ్గరుండి ఇది కొనిపెట్టబోతున్నారు. దయచేసి ఆపండి. అమెరికా వెళ్లడం తప్పు కాదు. మిషిగన్ యూనివర్సిటీలో క్యాజువాల్టీ పక్కనే ప్రత్యేక ఐసీయూ 2015లో పెట్టి, దాని వల్ల ఏం మారిందో లెక్కలు కట్టి చూపించారు. అలాంటి చోటికి ఆమె తన ప్రశ్నతో, తన పనితో వెళ్తే గౌరవం. అక్కడ జీతం లేకుండా ఏళ్ల తరబడి ల్యాబుల్లో ఫైళ్లు సర్దుతూ, ఇంటికి నిజం చెప్పలేక నలిగిపోయిన పిల్లలు నాతో మాట్లాడారు. "రీసెర్చ్ కోసం అమెరికా" అన్న మాట మీద నాకు అనుమానం అందుకే.

పోల్చమన్నారు కాబట్టి రేడియాలజీ మాట. మంచి బ్రాంచి, సంపాదన ఎక్కువ, రాత్రులు తక్కువ. ఇష్టపడి తీసుకునేవాళ్లకు అంతకంటే చెప్పక్కర్లేదు. మీ అమ్మాయి ఇష్టపడటం లేదు, నా దృష్టిలో పోలిక అక్కడితో అయిపోయింది. సంబంధాల గురించి ఒక్కమాట. ఆమె రాత్రి డ్యూటీ చూసి వెనక్కి తగ్గే కుటుంబం, రేడియాలజిస్టు అయినా మరో వంక వెతుకుతుంది. మీరు ఆమెకు పీజీ సీటు చూస్తున్నారా, పెళ్లిచూపుల బయోడేటా తయారుచేస్తున్నారా? ఇంతదాకా కష్టపడి చదివిన మనిషిని ఇంట్లో ఇలా నిలబెట్టి అడగడం సబబు కాదు.

మీ శక్తిని వేరే చోట పెట్టండి. వెబ్ ఆప్షన్లు పెట్టకముందే ఆమెను తీసుకుని నాలుగు కాలేజీలు తిరగండి. ఎమర్జెన్సీ విభాగానికి సొంత ప్రొఫెసర్లు ఉన్నారా, లేక క్యాజువాల్టీ మెడికల్ ఆఫీసర్లు చూసి వార్డులకు పంపేయడమేనా? ఐసీయూ బెడ్ దొరికేదాకా వెంటిలేటర్ మీదున్న పేషెంట్‌ను ఎవరు చూస్తున్నారు? గత పీజీల థీసిస్‌లు చూపించమనండి, వాటిలో ఒక్కటైనా జర్నల్‌కు వెళ్లిందేమో అడగండి. లెక్కలు చూసే స్టాటిస్టీషియన్ ఉన్నారా? ఈ మాటలు హెచ్ఓడీని కాదు, రెండో ఏడాది పీజీలను అడిగితే నిజం తెలుస్తుంది. ర్యాంకుకు అలాంటి విభాగం ఏదీ అందకపోతే జనరల్ మెడిసిన్ లేదా అనస్థీషియా మంచి చోట తీసుకుని, ఆ తర్వాత క్రిటికల్ కేర్‌కు వెళ్లినా ఇదే పరిశోధన చేయవచ్చు. బోర్డు మీద ఎమర్జెన్సీ మెడిసిన్ అని రాసి ఉండి లోపల నేర్పేవాళ్లు లేని చోటికంటే అదే మేలు.