అంత డబ్బున్న దేశంలో ఆయుష్షు తక్కువెందుకు?

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు డల్లాస్ దగ్గర ఉంటారు. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. మేం వెళ్లినప్పుడల్లా మా వారి షుగర్ మాత్రలు, నా బీపీ మాత్రలు మద్దిలపాలెంలో కొని సూట్‌కేసులో సర్దుకోవడమే పెద్ద పని. అమెరికా వాళ్లు జపాన్, యూరప్ జనం కంటే ముందే పోతున్నారని ఈ మధ్య చదివాను. అక్కడ వైద్యం గొప్పదంటారు కదా, మరి ఇదేమిటి? పిల్లల గురించి టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: మీరు చదివింది నిజమేనమ్మా. 2023లో అమెరికాలో సగటు ఆయుర్దాయం 78.4 ఏళ్లు, జపాన్‌లో 84. వైద్యం ఖర్చు చూస్తే తారుమారు. అమెరికా తన జాతీయాదాయంలో 17 శాతానికి పైగా పెడుతోంది, జపాన్ 11 శాతంతో సరిపెట్టుకుంటోంది.

వైద్యం గొప్పదన్న మాటా అబద్ధం కాదు. అక్కడి జాతీయ పరిశోధనా సంస్థలు 2013లో 17 సంపన్న దేశాలను పోల్చి చూశాయి. మగవాళ్ల ఆయుష్షులో అమెరికాది అట్టడుగు స్థానం. కానీ 75 దాటినవాళ్లు మాత్రం మిగతా దేశాల పెద్దవాళ్లకు తీసిపోలేదు. గండి పడింది అంతకు ముందు వయసుల్లో. సగటు లెక్క అలాంటిది మరి. పాతికేళ్ల కుర్రాడు ఒక్కడు పోతే యాభై ఏళ్లు పోయినట్టే. అది పూడాలంటే ఎనభై ఏళ్లవాళ్లు పది మంది తలా అయిదేళ్లు ఎక్కువ బతకాలి. ఎంత పెద్ద ఆసుపత్రి కడితే ఇది కుదురుతుంది?

ఈ కుర్రాళ్లను మింగుతున్నవాటిలో మొదటిది మత్తు. 1996లో ఒక నొప్పి మాత్ర మార్కెట్లోకి వచ్చింది, పేరు ఆక్సీకాంటిన్. అలవాటు పడే ప్రమాదం చాలా తక్కువని డాక్టర్లకు నచ్చజెప్పి అమ్మారు. ఆ ప్రచారం తప్పని 2007లో కంపెనీయే కోర్టులో నేరం ఒప్పుకుంది. అప్పటికే నడుం నొప్పికని, పంటి నొప్పికని మొదలుపెట్టినవాళ్లు ఎందరో బానిసలయ్యారు. మాత్రలు దొరకడం కష్టమయ్యాక చాలామంది హెరాయిన్‌కు మళ్లారు, ఆ తర్వాత ఫెంటానిల్ వచ్చింది. ఫెంటానిల్ మా డాక్టర్లకు కొత్త కాదు. ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టరు మైక్రోగ్రాముల లెక్కన సిరంజిలోకి తీసి, రోగి ఊపిరి మీద కన్ను వేసి ఉంచి ఇచ్చే మందు అది. రెండు మిల్లీగ్రాములు పడితే చాలు, అలవాటు లేని మనిషికి ఊపిరి ఆగిపోవచ్చు. అలాంటిది వీధిలో దొంగ మాత్రల్లో కలిపి అమ్ముతున్నారు. ఎంత కలిపారో అమ్మేవాడికే తెలియదు. 2022లో మత్తుమందుల మోతాదు మించి చనిపోయినవాళ్లు లక్షా ఏడు వేలకు పైనే. 2024లో ఆ సంఖ్య 80 వేల దగ్గరకు దిగింది, అదొక్కటే ఊరట.

రెండోది తుపాకీ. 2022లో తూటాకు పోయినవాళ్లు 48 వేల మంది. ఇవన్నీ హత్యలనుకుంటాం గానీ సగానికి పైగా ఆత్మహత్యలే. మన పల్లెల్లో పురుగుమందు డబ్బా ఇంటి మూల ఉండటం ఎంత ప్రమాదమో, అక్కడ బీరువాలో పిస్తోలు అంత ప్రమాదం. క్షణికావేశానికి అది చేతికి అందుతుంది, రెండో ఆలోచనకు వ్యవధి ఇవ్వదు. 2020 నుంచి ఏడాది నిండిన పిల్లల మొదలు 19 ఏళ్లవాళ్ల దాకా మరణాలకు మొదటి కారణం తుపాకీయే. నాకైతే మింగుడుపడని లెక్క ఇదే.

అక్కడ రోడ్డు ప్రమాదాల్లో 2023లో 40 వేల మందికి పైగా పోయారు. ఈ విషయంలో మనం నోరు విప్పడానికి లేదు. అదే ఏడాది మన దేశంలో పోయింది లక్షా 72 వేల మంది.

ఇక మీ సూట్‌కేసు సంగతి. మీరు మందులు మోసుకెళ్తున్నది అక్కడి ధరలు చూసేగా. చాలామందికి ఇన్సూరెన్సు ఉద్యోగంతోనే ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోతే కార్డూ పోతుంది. 2023లో దాదాపు 2.6 కోట్ల మందికి ఇన్సూరెన్సే లేదు. అలాంటివాళ్లు బీపీ మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటారు, గుండె పట్టేసినప్పుడు మాత్రం లక్షల ఖర్చుతో అద్భుతమైన వైద్యం జరుగుతుంది. 65 వస్తే దాదాపు అందరికీ మెడికేర్ అనే ప్రభుత్వ ఇన్సూరెన్సు ఉంటుంది. అంతదాకా గట్టెక్కాలి కదా!

మీ పిల్లల గురించి చెప్తాను. అక్కడి ఆసియా సంతతి వాళ్ల సగటు ఆయుష్షు 2022లో 84 దాటింది, అంటే జపాన్ స్థాయి. చదువూ ఆరోగ్యమూ ఉన్నవాళ్లే ఎక్కువగా వీసా దాకా వెళ్లగలుగుతారు, అదొక కారణం. అయితే మన భారతీయులకు షుగర్, గుండెజబ్బు తొందరగా వస్తాయి, బరువు పెద్దగా లేకపోయినా సరే. మీ వారికి షుగర్ ఉందన్నారు కాబట్టి, అబ్బాయిని ఏడాదికోసారి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష), కొలెస్ట్రాల్ చూపించుకోమనండి. కారులో వెనక సీట్లో కూర్చున్నా బెల్టు పెట్టుకోమనండి. మీరు మందులు తీసుకెళ్లేటప్పుడు స్ట్రిప్పులు విప్పి డబ్బాల్లో పోయకండి, ప్రిస్క్రిప్షన్ చేతి సంచిలోనే ఉంచుకోండి.

ప్రశ్న: ఇది పేదవాళ్ల సమస్య కాదా? డబ్బున్న అమెరికన్లు బాగానే బతుకుతారుగా?
– స్టీల్ ప్లాంటు ఉద్యోగి, గాజువాక

జవాబు: సగం నిజం. అక్కడి మగవాళ్లలో అందరికంటే ధనికులైన ఒక శాతానికీ, అడుగున ఉన్న ఒక శాతానికీ మధ్య ఆయుష్షు తేడా 14 ఏళ్లకు పైనేనని 2016లో తేలింది. కోవిడ్ నడుస్తున్న 2021లో మిసిసిపీ రాష్ట్రం సగటు 70.9, అంటే ఇంచుమించు మన దేశం సగటు. కానీ 2025లో వచ్చిన ఒక అధ్యయనం 50 నుంచి 85 ఏళ్లవాళ్లను తీసుకుని రెండు ఖండాల లెక్కలు పక్కపక్కన పెట్టింది. అమెరికాలో బాగా డబ్బున్న పాతిక శాతం మంది మరణాల రేటు జర్మనీ, ఫ్రాన్స్, నెదర్లాండ్స్‌లాంటి దేశాల్లోని అతి పేద పాతిక శాతం మందితో సమానంగా తేలింది. డబ్బున్నవాడైనా నడిచేది ఆ రోడ్ల మీదే, తినేది ఆ ప్యాకెట్ తిండే.