సదస్సుకు ముందు రోజు వర్క్‌షాపులు: విడిగా డబ్బు కట్టి వెళ్లడం దండగా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీరు వికాస మనోవిజ్ఞానంలో పీహెచ్‌డీ రెండో ఏడులో ఉన్నారు. పెద్ద సదస్సులో మీ పోస్టర్‌కు చోటు దొరికింది. ప్రధాన సభలకు ముందు రోజు జరిగే వర్క్‌షాపులకు విడిగా రుసుము కట్టాలి. మీ గైడు గారేమో అవన్నీ పరిచయ పాఠాలని, ఇంట్లో కూర్చుని వీడియోలు చూసినా వస్తాయని అంటున్నారు. వెళ్లాలా, వద్దా?

నేను ఇప్పటికి అలాంటివి మూడింటికి వెళ్లాను. మొదటిది పరిశోధన పత్రాలు ఎలా ప్రచురించాలన్న దాని మీద. మూడు గంటలు వేదిక మీదివాళ్లు మాట్లాడారు, మేము తలలూపాం. దాని గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు, మీ గైడు గారి మాట అక్కడ అక్షరాలా నిజం.

కానీ వీడియో కోడింగ్, అంటే వీడియోలో బిడ్డ ఎప్పుడేం చేసిందో ఫ్రేము ఫ్రేముగా గుర్తించి రాసే పని, దాని మీద జరిగిన రెండో వర్క్‌షాపు సంగతి వేరు. నిర్వాహకురాలు స్లయిడ్లతో మొదలుపెట్టలేదు. అందరి ల్యాప్‌టాప్‌లలోకి నలభై సెకన్ల వీడియో ఒకటి ఎక్కించి, ‘బిడ్డ తెర మీద నుంచి చూపు తిప్పుకున్న మొదటి ఫ్రేము గుర్తించండి’ అన్నారు. ఆరు నెలల బిడ్డ తల్లి ఒడిలో ఉంది. తెర మీద ఏముందో తల్లికి కనబడితే తెలియకుండానే బిడ్డను అటూ ఇటూ కదిలిస్తుందేమోనని ఆమెకు నల్ల కళ్లద్దాలు పెట్టారు. ఇంత చిన్న పనికి వర్క్‌షాపు ఎందుకని మనసులో అనుకున్నాను కూడా.

నాకూ, పక్క కుర్చీలో కూర్చున్న అమ్మాయికీ 19 ఫ్రేముల తేడా వచ్చింది. సెకనుకు 30 ఫ్రేముల వీడియో కాబట్టి అర సెకను పైమాటే. బిడ్డ కనురెప్పలు వాలడం మొదలైన చోట ఆ అమ్మాయి గుర్తు పెట్టింది. నేను బిడ్డ తల తిరిగిన చోట పెట్టాను. ఇద్దరం మా మా ల్యాబుల్లో కోడింగ్ నియమాలు రాసుకున్న మాన్యువల్ ప్రకారమే చేశాం. రెండింటిలోనూ ఉన్నది ‘చూపు తిప్పుకున్నప్పుడు’ అనే ఒక్క ముక్కే.

అర సెకనుకు ఇంత గొడవా అనిపించవచ్చు. అలవాటు పడే పద్ధతిలో చేసే ప్రయోగం తీసుకోండి, అంటే బిడ్డకు ఆసక్తి తగ్గేదాకా ఒకే దృశ్యాన్ని విడతలు విడతలుగా (ఒక్కో విడత ఒక ట్రయల్) చూపించేది. చాలా ల్యాబుల్లో బిడ్డ వరుసగా 2 సెకన్లు పక్కకు చూస్తే ఆ ట్రయల్ అయిపోయినట్టు లెక్క. మొదటి మూడు ట్రయల్స్‌లో చూసిన సమయంలో సగానికి దిగితే బిడ్డ అలవాటు పడినట్టు లెక్క, అప్పుడే అసలు పరీక్ష మొదలవుతుంది. ఆ వీడియోలో నా లెక్క ప్రకారం 2 సెకన్లు నిండకముందే బిడ్డ మళ్లీ తెర వైపు చూసింది, ట్రయల్ నడుస్తూనే ఉంది. పక్క అమ్మాయి లెక్కలో అది ముగిసిపోయింది. ఒకే బిడ్డ, రెండు వేర్వేరు ప్రయోగాలు! పసిపిల్లల చూపును అధ్యయనం చేసిన మనస్తత్వవేత్త రాబర్ట్ ఫాంట్జ్ 1950ల చివర్లో చిన్న రంధ్రం గుండా చూస్తూ, పసిపాప కంటిపాప మీద ఏ బొమ్మ ప్రతిబింబం పడిందో గమనించి సమయం రాసుకునేవాడు. కెమెరాలు వచ్చాయి కానీ, ఎక్కడ గీత గీయాలన్న చిక్కు మాత్రం అలాగే ఉంది.

ఆ తర్వాత నిర్వాహకురాలు బోర్డు మీద వేసిన లెక్క నా థీసిస్‌లో ఒక అధ్యాయాన్ని మళ్లీ రాయించింది. ఇద్దరు కోడర్లూ 100 ఫ్రేముల్లో చెరి 90 చోట్ల ‘చూస్తోంది’ అని రాశారనుకోండి. 86 ఫ్రేముల్లో ఇద్దరి మాటా కలిసింది. 86 శాతం అంటే బాగానే ఉందనిపిస్తుంది కదా? కళ్లు మూసుకుని అదే నిష్పత్తిలో రాసినా 82 చోట్ల కలుస్తుంది. ఆ యాదృచ్ఛిక భాగం తీసేసి ఏకీభావాన్ని కొలిచే కోహెన్ కప్పా (పూర్తిగా కలిస్తే 1) ఇక్కడ 0.22 మాత్రమే. నేను అప్పటిదాకా అన్నిచోట్లా శాతాలే ఇచ్చాను.

ఈ సూత్రం పుస్తకంలో లేదా అంటే ఉంది, నేను చదివాను కూడా. నా గీత తప్పు చోట పడిందని పక్క మనిషి తెర చూస్తే గానీ ఒంటబట్టలేదు. వీడియో పాఠం మీ తప్పు మీకు చూపించదు, మీ గైడు గారితో నాకున్న పేచీ అంతా ఇక్కడే.

మూడోది దీర్ఘకాలిక అధ్యయనాల్లో ఖాళీలుపడే డేటా గురించి. విషయం చాలా మంచిది. మూడేళ్లు వెంబడించే అధ్యయనంలో మధ్యలో మానేసిన కుటుంబాలు, మిగిలినవాళ్లు ఒకేలాంటివాళ్లేనా అన్నది ముందు తేల్చుకోవాలి, సాఫ్ట్‌వేర్ తర్వాత. డేటాలో ఖాళీలు ఎందుకు పడ్డాయన్న దాన్ని బట్టి గణాంక శాస్త్రవేత్త రూబిన్ 1976లో చేసిన విభజన చుట్టూనే పాఠమంతా నడిచింది. కానీ నేను గణాంకాల సాఫ్ట్‌వేర్ ‘ఆర్’కు కావలసిన ప్యాకేజీలు ముందుగా ఎక్కించుకోకుండా వెళ్లాను. గదిలో నలభై మంది ఒకేసారి డౌన్‌లోడ్ మొదలుపెట్టేసరికి వైఫై చతికిలబడింది, మొదటి గంట గంగలో కలిసింది. నిర్వాహకులు వారం ముందే మెయిల్ పెట్టారు, నేనే తెరవలేదు.

ఎంచుకునేటప్పుడు వివరణలో రెండు మాటలు వెతకండి: ల్యాప్‌టాప్ తెచ్చుకోవాలా, అభ్యాసానికి డేటా వాళ్లే ఇస్తారా. రెండూ ఉంటే కట్టండి. వక్తల జాబితా పొడుగ్గా ఉండి పని ఊసే లేకపోతే వదిలేయండి. విద్యార్థులకు రాయితీ ఉందా, స్వచ్ఛందంగా పనిచేస్తే రుసుము మాఫీ చేస్తారా అని అడగడానికి మొహమాటపడకండి. పిల్లల వికాస పరిశోధకుల సంఘం ఎస్‌ఆర్‌సీడీ సదస్సయినా, శిశు అధ్యయనాల సదస్సు ఐసీఐఎస్ అయినా రెండేళ్లకోసారే. ఈసారి వదిలేస్తే మళ్లీ వచ్చేసరికి మీ డేటా సేకరణ అయిపోతుంది, అప్పుడు నేర్చుకుని దిద్దుకోవడానికి ఏమీ మిగలదు.

మీ ల్యాబు వీడియోలు మాత్రం పట్టుకెళ్లకండి. మా గదిలో ఒకతను ఉత్సాహంగా తన దగ్గరి పాప వీడియో తెరిచాడు. నిర్వాహకురాలు పాఠం ఆపి మరీ మూయించారు. పరిశోధన కోసం ఇచ్చిన సమ్మతి, గదినిండా అపరిచితులకు చూపించడానికి ఇచ్చిన సమ్మతి ఒకటి కావు. మీ మాన్యువల్ మాత్రం ప్రింటు తీసి తీసుకెళ్లండి, పక్కవాళ్ల చేత చదివించండి.

గైడు గారిని ఒప్పించాలంటే మెనీబేబీస్ మాట ఎత్తి చూడండి, అది చాలా ల్యాబులు కలిసి ఒకే ప్రయోగం చేసే ప్రాజెక్టు. పిల్లలతో పెద్దలు ముద్దుగా మాట్లాడే తీరును పసివాళ్లు ఎక్కువ ఇష్టపడతారా అని 67 ల్యాబులు కలిసి 2,329 మంది శిశువులతో పరీక్షించి, 2020లో ఫలితాలు వెలువరించాయి. ఇష్టపడతారనే తేలింది. అయితే తల తిప్పే పద్ధతి (బిడ్డ శబ్దం వచ్చే వైపు తల తిప్పి ఎంతసేపు చూస్తుందో కొలిచేది) వాడిన ల్యాబుల్లో ఆ మొగ్గు మిగతావాటికన్నా పెద్దదిగా కనబడింది. పద్ధతి మారితే అంకె మారుతుందని మీ గైడు గారికి నేను చెప్పడం కన్నా ఆ పత్రం చెబితేనే బాగుంటుంది.

మా 19 ఫ్రేముల అమ్మాయి, నేను ఇప్పటికీ మాన్యువళ్లు మార్చుకుంటాం. ఒకరి నియమాలతో మరొకరం అభ్యాస వీడియోలు కోడ్ చేస్తాం. కిందటి నెల ఆవలింత దగ్గర మళ్లీ తేడా వచ్చింది.