ఈఆర్‌పీ ప్రాజెక్టులో ఐటీ వాళ్లను పోస్ట్‌మ్యాన్లుగా మార్చకండి

మీ కంపెనీలో ఈఆర్‌పీ (అన్ని విభాగాల పనీ, లెక్కలూ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) పెడుతున్నారనీ, స్టోర్స్, అకౌంట్స్, క్వాలిటీ ఎవరి పట్టు వాళ్లదేననీ, మధ్యలో ఐటీ వాళ్లు నలిగిపోతున్నారనీ రాశారు. సమావేశాలు పెంచితే కుదురుతుందా అని అడిగారు. కుదరదనే నా అభిప్రాయం. నేను ఐటీ మనిషిని కాను. హైదరాబాద్ జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీ స్టోర్స్ చూసేవాణ్ని. అక్కడ ఇదే పని జరిగినప్పుడు వాడేవాళ్ల తరఫున కూర్చున్నాను కాబట్టి ఆ వైపు సంగతులే చెబుతాను.

మొదట్లో ప్రతి విభాగమూ తనకు కావలసినవి ఎక్సెల్‌లో రాసి ఐటీకి పంపేది. ఐటీ వాళ్లు అవన్నీ పోగుచేసి, మాదాపూర్ నుంచి వచ్చే కన్సల్టెంట్ చేతిలో పెట్టేవారు. అకౌంట్స్ కోరినదానికి క్వాలిటీ అభ్యంతరం చెబితే అదీ ఐటీ ద్వారానే తిరిగి వెళ్లేది. పోస్ట్‌మ్యాన్ ఉత్తరం అందిస్తాడు గానీ రెండిళ్ల తగాదా తీర్చలేడు కదా! మా సమావేశాల్లో జరిగిందీ ఆ బట్వాడాయే.

పని కదిలింది మాత్రం ఒక ముడిసరుకు డ్రమ్ము వెంట అన్ని విభాగాల వాళ్లం కలిసి నడిచిన రోజున. గేటు దగ్గర నమోదు, తూకం, పసుపు లేబుల్ వేసి క్వారంటైన్‌లో పెట్టడం, క్యూసీ (క్వాలిటీ విభాగంలో సరుకు పరీక్షించే) వాళ్లు నమూనా తీసి పరీక్షించడం, పాసైతే ఆకుపచ్చ లేబుల్, ఆ తర్వాతే ప్రొడక్షన్‌కు ఇవ్వడం. సరఫరాదారు బిల్లు ఇంత దూరం ఆగదు. తూకం కాగానే అకౌంట్స్‌కు వెళ్లిపోతుంది, వాళ్ల పుస్తకాల్లో సరుకు చేరినట్టే. ప్లానింగ్ వాళ్లు ఆ అంకె చూసి బ్యాచ్ ఖరారు చేసేవారు. తీరా చూస్తే డ్రమ్ము మీద ఇంకా పసుపు లేబులే. దీన్ని అందరూ ‘ఐటీ రిపోర్టు తప్పు’ అనేవారు. రిపోర్టు సరిగ్గానే ఉంది. అకౌంట్స్‌కు కావలసింది సరుకు విలువ, ప్లానింగ్‌కు కావలసింది వాడదగిన నిల్వ. పరీక్షలో ఉన్న సరుకును విడిగా చూపే ఏర్పాటు ఆ సాఫ్ట్‌వేర్‌లో ముందునుంచే ఉంది, అడిగినవాళ్లే లేరు.

అంతకంటే పెద్ద గొడవ లాగిన్ల మీద. షిఫ్టు మొత్తానికీ ఒకే లాగిన్ ఇవ్వమని మా స్టోర్స్ కోరింది, ఐటీ ఇచ్చింది కూడా. చివర్లో క్వాలిటీ అష్యూరెన్స్ (పని నియమాల ప్రకారం జరుగుతోందా అని చూసే) వాళ్లు చూసి మొత్తం ఆపేశారు. మా మందులు అమెరికాకు వెళ్తాయి. ఎలక్ట్రానిక్ రికార్డులు, సంతకాలపై అక్కడ 1997 నుంచి ఉన్న 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 అనే ప్రభుత్వ నియమాల ప్రకారం ప్రతి సంతకమూ ఒకే మనిషికి చెందాలి. సరే, ప్రతి డ్రమ్ముకూ ఐడీ, పాస్‌వర్డ్ రెండూ కొడుతూ కూర్చుంటే లారీ ఎప్పుడు ఖాళీ అవుతుందన్నది మా వాదన. నెలల తరబడి మెయిళ్లు నడిచాక ఎవరో ఆ నియమాన్నే బల్లమీద పెట్టి అందరి ముందూ చదివించారు. ఒకే మనిషి మధ్యలో వదలకుండా వరసగా సంతకాలు చేస్తుంటే, మొదటిసారి రెండూ కావాలి, ఆపైన పాస్‌వర్డ్ ఒక్కటి చాలు. ఆ పూటే పరిష్కారం కుదిరింది. అందుకే మొదటి రోజునుంచే క్వాలిటీ వాళ్లను కూర్చోబెట్టుకోండి. వాళ్లు అడ్డుపుల్లలు వేస్తారని పక్కన పెడితే చివరికి వేసేవి దుంగలే.

ఐటెమ్ కోడ్లు (సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో సరుకుకు ఇచ్చే గుర్తింపు) తెరిచే పని ఐటీకి అప్పగించకండి. ఏ కొలతలో కొనాలో, ఏ కొలతలో ఇవ్వాలో స్టోర్స్ చెప్పాలి, స్పెసిఫికేషన్ క్యూసీ చెప్పాలి, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (జీఎస్‌టీ కోసం సరుకు రకాన్ని తెలిపే అంకె) అకౌంట్స్ చెప్పాలి. ముగ్గురూ నింపిన ఫారం చూసి కోడ్ తెరిచే మనిషి ఒక్కరే ఉండాలి. మా దగ్గర అలా లేనప్పుడు ఒకే పొడికి మూడు కోడ్లు పుట్టాయి.

ఇక తేదీలు. అకౌంట్స్ వాళ్లు టెస్టింగ్‌కు రారని ఐటీ ఫిర్యాదు. నెలవారీ రిటర్నులు వేసే కంపెనీలో అమ్మకాల వివరాలిచ్చే జీఎస్‌టీఆర్-1 గడువు తర్వాతి నెల 11వ తేదీ, పన్ను లెక్క తేల్చే జీఎస్‌టీఆర్-3బీ గడువు 20వ తేదీ. ఆ మధ్యలో టెస్టింగ్ పెట్టి రాలేదంటే ఎలా? సంక్రాంతి వారం స్టోర్స్‌లో సగంమంది ఊళ్లలో ఉంటారు. గణేశ్ నిమజ్జనం రోజున నగరంలో లారీలు కదలవు. ఇవి ముందే తెలిసిన రోజులు, క్యాలెండర్‌లో కొట్టేసుకోవడానికి కన్సల్టెంట్ అక్కర్లేదు.

శిక్షణ సంగతి కూడా చూసుకోండి. ఇంగ్లిష్ స్లైడ్లతో కాన్ఫరెన్స్ గదిలో చెప్పింది మా వాళ్లకు ఒక్క ముక్కా ఎక్కలేదు. తర్వాత మాలోనే ఒక సీనియర్ అసిస్టెంట్ స్కానర్ చేతపట్టుకుని, తెలుగులో కొంత, హిందీలో కొంత, లారీ దగ్గరే నిలబడి నేర్పాడు. అలాంటి మనిషి మీ దగ్గర ఎవరో ఇప్పుడే చూసుకుని, షిఫ్టు నుంచి తప్పించి ప్రాజెక్టులో వేయించండి. ఆయన పై అధికారి ఒప్పుకోడు, ఒప్పుకునేదాకా అడగండి.