‘క’ పలకని చిన్నోడికి ఇంట్లో ఏం చేయాలి: పెద్దత్త ఉత్తరం

తిరుపతి

చి.సౌ. కోడలికి పెద్దత్త ఆశీస్సులు.

నువ్వు ఫోన్‌లో రికార్డు చేసి పంపిన చిన్నోడి మాటలు విన్నాను. కాకిని ‘తాతి’, కారును ‘తాలు’ అంటున్నాడు. గోవిందా అనమంటే ‘దోవిందా’ అంటున్నాడు. ప, మ, న, స శుభ్రంగా ఉన్నాయి. నాలుక వెనక భాగం పైకి లేస్తే పుట్టే క, గ మాత్రం రావడం లేదు, వాటి బదులు నాలుక కొసతో త, ద పలుకుతున్నాడు. మూడేళ్ల పిలకాయల్లో ఇది మామూలే. నాలుగేళ్లు వచ్చేసరికి సర్దుకోవాలి. వాడికి నాలుగున్నర కాబట్టి ఇప్పుడు మొదలుపెట్టడమే మంచిది. ర బదులు ల అంటున్నాడని కూడా రాశావు. ర ఐదారేళ్లకు కుదురుకునే అక్షరం, దాని జోలికి ఇప్పుడు పోవద్దు. రెండూ ఒక్కసారే దిద్దబోతే వాడు విసిగి నోరు విప్పడమే మానేస్తాడు.

అన్నిటికంటే ముందు చెవులు చూపించు. తరచూ జలుబు చేసే పిల్లల్లో చెవి పొర వెనక నీరు చేరుతుంది. నొప్పి ఉండకపోవచ్చు, పిలిస్తే పలుకుతారు కూడా, అందుకే ఇంట్లోవాళ్లకు అనుమానం రాదు. కానీ మాటలు వాళ్లకు మసకగా వినిపిస్తాయి. రుయా ఆసుపత్రిలోనో స్విమ్స్ ఆసుపత్రిలోనో ఈఎన్‌టీ వాళ్ల దగ్గర వినికిడి పరీక్ష చేయించు. వాడి వయసు పిల్లలకు అది ఆటలాగే ఉంటుంది: చెవిలో శబ్దం వినబడినప్పుడల్లా ఒక బొమ్మ డబ్బాలో వేయమంటారు.

చెవులు బాగున్నాయని తేలాక కూడా మొదటి వారం వాడిచేత ఏమీ పలికించొద్దు, వినిపించు. కొండ, తొండ బొమ్మలు రెండు పక్కపక్కన పెట్టు. అలాగే కోట, తోట. చంద్రగిరి కోట ఫోటో ఒకటి, ఏదైనా మామిడితోట ఫోటో ఒకటి చాలు. చేత్తో నోరు మూసుకుని ‘కొండ ఏది?’ అని అడుగు. నోరు ఎందుకు మూసుకోమంటున్నానంటే, వాడు నీ నాలుక కదలిక చూసి చెప్పేస్తాడు, చెవికి పని ఉండదు. పదిసార్లు అడిగితే ఎనిమిదిసార్లు సరిగ్గా చూపించాలి. ఇక్కడే తడబడుతుంటే ఇక్కడే ఆగు. తేడా చెవికి తెలియకుండా నోటికి నేర్పబోతే ఇద్దరికీ ఏడుపే మిగులుతుంది.

తర్వాత శబ్దం పుట్టించడం. నువ్వు చూపించాల్సింది ‘కా’ కాదు, ‘క్’. అచ్చు కలపకుండా, గొంతు కలపకుండా, గుసగుసగా. వాణ్ణి చాప మీద వెల్లకిలా పడుకోబెట్టు. అప్పుడు నాలుక దాని బరువుకే వెనక్కి జారుతుంది, ‘క్’ రావడానికి సగం దారి అదే సుగమం చేస్తుంది. నోరు తెరిచి ‘క్, క్, క్’ అనమను. అప్పుడూ ‘త్’ అనే వస్తుంటే, వాడి వేలినే కడిగి నాలుక కొస మీద తేలిగ్గా ఆనించుకోమను. కొస కిందే ఉండిపోతే వెనక భాగమే లేవాలి. వేలు లోపలికి పోనివ్వకు, వాంతి వస్తుంది, మళ్లీ ఆ ఆటకు రాడు. కూర్చోబెట్టి ఒక్క గుక్క నీళ్లతో గొంతులో గరగరలాడించినా నాలుక వెనక చోటు వాడికి తెలిసివస్తుంది. పడుకుని ఉన్నప్పుడు మాత్రం నీళ్లు వద్దు, పొలమారుతుంది.

‘క్’ విడిగా వచ్చాక మాటల్లోకి తీసుకురావాలి. చాలామంది దారి తప్పేది ఇక్కడే. వెంటనే ‘కాకి’ అనమంటారు. ‘కి’ అన్నప్పుడు నాలుక ముందుకు జరుగుతుంది, అందుకే అది కష్టం. ముందు కా, కో, కూ తీసుకో. ‘కోతి’, ‘కోడి’ కూడా ఇప్పుడే వద్దు. వాటిలో త, డ ఉన్నాయి, అవి నాలుకను మళ్లీ ముందుకు లాగేస్తాయి. అన్నిటికంటే తేలికైన మాట ‘అక్క’. ‘అ’తో నోరు తెరుచుకునే ఉంటుంది, ఒత్తు దగ్గర నాలుక వెనక ఒక క్షణం ఆగుతుంది, ఆ ఆగడం వాడికి స్పష్టంగా తెలుస్తుంది. దాని తర్వాత కప్ప, కొమ్మ, కాయ, కోవా. ‘క్‌తాయ’ అని రెండూ కలిపేస్తే మాటను విడగొట్టు: ‘క్’ అని గుసగుసగా అని, కాస్త ఆగి, ‘ఆయ’. రోజురోజుకీ ఆ ఎడం తగ్గించుకుంటూ రా. ‘క’ కుదిరాక ‘గ’ పెద్ద పని కాదు. అదే చోటు, గొంతు కలుపుతామంతే. వాడి చేయి నీ గొంతు మీద పెట్టి ఆ అదురు చూపించు.

పూటకు ఐదు నిమిషాలు, రోజుకు రెండు పూటలు. ఐదు మాటలు, ఒక్కోటి పదిసార్లు. సీసా నిలబెట్టి, మాట అన్న ప్రతిసారీ ఒక గాజు తొడగమను. పది గాజులు పడితే ఆ మాట అయిపోయినట్టు. పదికి ఎనిమిది సరిగ్గా వచ్చి, వరసగా మూడు రోజులు అలాగే నిలిస్తే చిన్న వాక్యానికి వెళ్లు: ‘కప్ప ఉంది’, ‘కాయ పెద్దది’. ఆకలి మీద, నిద్ర మీద ఉన్నప్పుడు కూర్చోబెట్టకు.

ఆ పది నిమిషాలు తప్ప మిగతా రోజంతా దిద్దొద్దు. ‘తాతి వచ్చింది’ అంటే ‘అవును నాన్నా, కాకి వచ్చింది. కాకి ఏం తింటోంది?’ అని సరైన మాటను నువ్వు రెండుసార్లు వినిపించి వదిలెయ్. మళ్లీ అనమని అడగకు. ముద్దొస్తోందని వాడిలాగే ‘తాతి’ అనడం అవ్వ, తాత ఇద్దరూ మానాలి. చుట్టాల ముందు చెప్పించి నవ్వడం అసలే వద్దు, పిల్లలకు అది చాలా లోతుగా గుచ్చుకుంటుంది.

మీ అత్తగారు వస కొమ్ము అరగదీసి నాకించమంటున్నారని రాశావు. దానివల్ల ఏ అక్షరమూ రాదు, వాంతులయ్యే ప్రమాదం ఉంది. ఆవిడకు నేను చెప్పానని మెల్లగా చెప్పు. నాలుక కింద తీగ కోయించాలన్న మాటా నమ్మొద్దు. ‘క’ పలకడానికి నాలుక కొసతో పనే లేదు. పీకలు ఊదించడం, బుడగలు ఊదించడం సరదాకే, మాటకు కాదు. ఇంట్లో కొంత అరవం, కొంత తెలుగు మాట్లాడుతున్నందుకు ఇలా అయిందని భయపడకు, రెండు భాషలు వినడం వల్ల ఉచ్చారణ చెడదు. శనివారాన్ని ‘సెనివారం’ అనడం మన సీమ మాట, అది లోపం కాదు. దాన్ని దిద్దకు.

రెండు నెలలు ఇలా చేసినా విడి ‘క్’ కూడా రాకపోతే, బయటివాళ్లకు వాడి మాట చాలావరకు అర్థం కాకపోతే, మాట ముక్కులోంచి వస్తున్నట్టు ఉంటే, వచ్చిన మాటలు పోతుంటే ఇంటి సాధన చాలదు. ఈ చివరి రెండిటిలో ఏది కనిపించినా రెండు నెలలు ఆగకుండా వెంటనే చూపించు. స్పీచ్ థెరపిస్టుకు ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడుగు, అడిగితే ఎవరూ తప్పు పట్టరు. వెళ్లేటప్పుడు వినికిడి పరీక్ష కాగితం, వారానికొకటి చొప్పున తేదీ వేసి దాచిన వాడి రికార్డింగులు తీసుకుపో.

వచ్చే ఆదివారం కొత్త రికార్డింగు పంపు. ‘అక్క’, ‘కప్ప’ రెండూ ఉండాలి.

ఇట్లు,
పెద్దత్త