టెక్ సందేహాలు: మౌస్ ముట్టకుండా బస్తాల లెక్క

ప్రశ్న: మాది పలాస. సీజన్లో జీడిపిక్కల కొనుగోళ్లు ఎక్సెల్‌లో ఎక్కిస్తాను. తేదీ, ఊరు, బస్తాలు, కిలోలు, సొమ్ము... రోజుకు నూటయాభై వరసలు. షార్ట్‌కట్ల జాబితా ప్రింటు తీసి గోడకు అంటించినా ఒక్కటీ చేతికి అలవాటు కాలేదు. పైగా లాప్‌టాప్‌లో ఎఫ్4 నొక్కితే సౌండ్ ఆగిపోతోంది.

జవాబు: ముందు ఆ కాగితం పీకేయండి. మీ అయిదు గడులకు నాలుగు మీటలు చాలు.

తేదీ గడిలో కంట్రోల్ పట్టుకుని సెమికోలన్ నొక్కండి, ఆనాటి తేదీ పడుతుంది. టుడే ఫార్ములా మాత్రం వద్దు. మర్నాడు ఫైలు తెరిస్తే పాత కొనుగోళ్లన్నీ ఆ రోజువే అయిపోతాయి.

గడి నుంచి గడికి ట్యాబ్, చివర్లో ఎంటర్. కర్సర్ కింది వరసలో తేదీ గడికి దానంతటదే వచ్చేస్తుంది. మధ్యలో బాణం మీట నొక్కినా, మౌస్‌తో వేరే గడి మీద క్లిక్ చేసినా ఎక్సెల్ మొదలుపెట్టిన చోటు మరిచిపోతుంది. ‘నాకు పనిచెయ్యలేదండీ’ అనేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఇదే.

వజ్రపుకొత్తూరు అని ప్రతిసారీ కొట్టక్కర్లేదు. ఒకసారి రాశాక మొదటి రెండు మూడు అక్షరాలకే మిగతాది వస్తుంది, ట్యాబ్ కొట్టండి. రోజుకూ రోజుకూ మధ్య ఖాళీ వరస వదిలితే మాత్రం పై పేర్లు అందవు. పై గడిలో ఉన్నదే మళ్లీ కావాలంటే కంట్రోల్+డి.

ఇక ఎఫ్4. కిలోలను 80తో భాగించి బస్తా ధరతో గుణించే ఫార్ములాను కిందకు లాగితే ధర గడి కూడా కిందకు జారి, సొమ్ము సున్నా వస్తుంది. ఫార్ములాలో ఆ గడి పేరు మీద కర్సర్ ఉంచి ఎఫ్4 నొక్కితే డాలర్ గుర్తులు పడి అది కదలదు. సౌండ్ ఆగకుండా ఉండాలంటే ఎఫ్ఎన్ మీట పట్టుకుని ఎఫ్4 నొక్కండి. చాలా లెనోవో, డెల్ లాప్‌టాపుల్లో ఎఫ్ఎన్+ఎస్కేప్ నొక్కితే ఆ బాధ శాశ్వతంగా పోతుంది.

కానీ మీ వ్యాపారంలో ధర నిలకడగా ఉండదు కదా! ధర ఒకే గడిలో ఉంటే, దాన్ని మార్చిన క్షణాన పాత రోజుల సొమ్మూ మారిపోతుంది. అందుకే ఎఫ్4 కన్నా, ప్రతి వరసలో ధరకు ఆరో గడి పెట్టి కంట్రోల్+డితో దింపుకోవడమే మేలు.

ప్రశ్న: టెక్కలిలో నెట్ సెంటర్ నడుపుతున్నాను. ఇంగ్లిష్‌లో దరఖాస్తు కొడుతుంటే ఉన్నట్టుండి తెలుగు అక్షరాలు పడుతున్నాయి. వైరసా?

జవాబు: కాదు. ఎడమ ఆల్ట్, షిఫ్ట్ పొరపాటున కలిసి పడితే విండోస్ భాష మార్చేస్తుంది. విండోస్ 11లో సెట్టింగ్స్, టైమ్ అండ్ లాంగ్వేజ్, టైపింగ్, అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్, ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్ వరకు వెళ్లి, చేంజ్ కీ సీక్వెన్స్‌లో నాట్ అసైన్డ్ ఎంచుకోండి. ఇకపై భాష మార్చాలంటే విండోస్ మీట+స్పేస్.

అన్నట్టు, మీ సెంటర్లో విండోస్ మీట+వి నొక్కితే తెరుచుకునే క్లిప్‌బోర్డ్ హిస్టరీ ఆన్ చేసి ఉంటే అది చివరగా కాపీ చేసిన 25 అంశాల వరకు దాస్తుంది. వాటిలో ముందు కూర్చున్నవారి ఆధార్ నంబరూ ఉండొచ్చు. మనిషి లేవగానే అందులోనే క్లియర్ ఆల్ నొక్కండి. పిన్ చేసినవి దానికి పోవు, విడిగా తీసేయాలి.