నీటి నాణ్యత మోడలింగ్: కోడింగ్ వస్తే సరిపోతుందా?

ప్రశ్న: సివిల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. తాగునీటి పైపులైన్లలో నీటి నాణ్యతను కంప్యూటర్ మోడల్స్‌తో అంచనా వేస్తారని విన్నాను. కోడింగ్ ఇష్టం, కెమిస్ట్రీ అంటే భయం. ఈ రంగంలో ఉద్యోగాలుంటాయా? ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: ఉంటాయి. కాకపోతే క్యాంపస్‌కొచ్చి వందల మందిని తీసుకుపోయే రంగం కాదిది. నీటి సరఫరా సంస్థలు, వాటికి డిజైన్లు చేసిచ్చే కన్సల్టెన్సీలు, మోడలింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీలు, పరిశోధన బృందాలు మీలాంటివాళ్లను తీసుకుంటాయి. తొలి ఉద్యోగంలో పైపు సైజులు, ప్రెషర్ లెక్కలే చేతికి రావచ్చు. నిరాశపడకండి. నీరు ఏ పైపులో ఎటు, ఎంత వేగంగా పోతోందో తేలకుండా అందులో క్లోరిన్ ఎంత మిగిలిందో చెప్పలేం.

శుద్ధి కేంద్రంలో బాగున్న నీరు కొళాయి దాకా అలాగే ఉండదు. నీటిలోని సేంద్రియ పదార్థాలతో, పైపు గోడల తుప్పుతో చర్య జరిగి క్లోరిన్ దారిలోనే తగ్గిపోతుంది. కొళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. పోనీ మొదట్లోనే ఎక్కువ కలిపేద్దామంటే ట్రైహాలోమీథేన్ల వంటి హానికర ఉపఉత్పత్తులు పెరుగుతాయి. క్లోరిన్ ఎక్కడ ఎంత కలపాలి, ఏ ట్యాంకులో నీరు మురుగుతోంది, ఏ లైను ఫ్లష్ చేయాలి, అంటే నీటిని వేగంగా వదిలి కడగాలి? మోడల్ పని ఇదే.

1993 చివర్లో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో గిడియన్ అనే చిన్న ఊళ్లో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బు ప్రబలింది. నీటి రుచి బాగాలేదని ఫిర్యాదులొస్తే పైపులు ఫ్లష్ చేశారు. పక్షుల వల్ల కలుషితమైన ట్యాంకులోని నీరు దాంతో ఊళ్లోకి వచ్చిందని దర్యాప్తులో తేలింది. ఆ నీరు ఎటు పారిందో తెలుసుకోవడానికి పైపుల్లో నీటి ప్రవాహాన్ని, నాణ్యతను లెక్కగట్టే ఈపానెట్ అనే సాఫ్ట్‌వేర్‌తో మోడల్ వేశారు. ఫ్లషింగ్‌కు ముందే అలాంటి లెక్క వేసి ఉంటే అనిపిస్తుంది కదా!

మీరూ ఈపానెట్‌తోనే మొదలుపెట్టండి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1993లో విడుదల చేసింది, ఉచితం. దాంతోపాటే వచ్చే నెట్‌1 అనే చిన్న ఉదాహరణలో క్లోరిన్ తగ్గే లెక్క ఉంటుంది. పైపు గోడ దగ్గరి చర్యారేటు మార్చి, చివరి నోడ్‌లలో (పైపులు కలిసే లేదా ముగిసే చోట్లలో) ఏమవుతుందో చూడండి. తర్వాత ఇలాంటి మోడల్స్‌ను కోడ్‌తో నడిపించే డబ్ల్యూఎన్‌టీఆర్ (WNTR) అనే పైథాన్ లైబ్రరీ పట్టండి, మీ కోడింగ్ ఇష్టం అక్కడ తీరుతుంది. కెమిస్ట్రీ అంటారా, మొదట ప్రథమ క్రమాంక చర్య, అంటే పదార్థం ఎంత మిగిలి ఉంటే అంత వేగంగా తగ్గే చర్య, అర్థమైతే చాలు. అది ఇంటర్‌లోనే చదివేశారు.

నా లెక్కలో అభ్యర్థికి విలువ తెచ్చేది సాఫ్ట్‌వేర్ కాదు, క్యాలిబ్రేషన్. అంటే మోడల్ అంకెల్ని అసలు కొలతలతో పోల్చి సరిదిద్దడం. తెరమీద రంగురంగుల మ్యాప్ ఎవరైనా తెప్పించగలరు. నీటిని సీసాల్లో పట్టి, గంటగంటకూ క్లోరిన్ కొలిచి ఆ నీటి చర్యారేటు రాబట్టినవాళ్లు, ఫీల్డ్ కొలతకూ మోడల్ అంకెకూ తేడా ఎందుకొచ్చిందో వెతికినవాళ్లు తక్కువ. మూసి ఉందని ఎవరికీ తెలియని ఒక్క వాల్వు చాలు, మోడల్ మొత్తం తప్పుతుంది. రోజులో కొన్ని గంటలే నీళ్లు వదిలే చోట ఇబ్బంది మరీ ఎక్కువ. పైపులు ఎప్పుడూ నిండుగా ఉంటాయన్న ఊహ మీదే ఈపానెట్ నడుస్తుంది మరి.

కాబట్టి ఈ సెలవుల్లో ఖరీదైన సర్టిఫికెట్ కోర్సు వద్దు. నీటి సరఫరా సంస్థలో ఇంటర్న్‌షిప్ అడగండి, శాంపిల్స్ పట్టే బృందంతో తిప్పమనండి. ఎం.టెక్‌కు వెళ్తే ఎన్విరాన్‌మెంటల్ గానీ వాటర్ రిసోర్సెస్ గానీ ఏదైనా పర్లేదు. పైపుల నెట్‌వర్క్‌ల మీద పనిచేసే గైడ్ ఉన్నారో లేదో మాత్రం చేరకముందే కనుక్కోండి.